మెర్లిన్ యాప్: వినడానికి సూపర్, వినిపించడానికి మాత్రం వాడకండి

రెండేళ్లుగా నా ఫోన్లో ఉంది, పిట్టల్ని గుర్తుపట్టే ఈ యాప్. అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే కార్నెల్ ల్యాబ్ వాళ్లది, ఫ్రీ, యాడ్స్ గోల కూడా లేదు. ముందే బర్డ్ ప్యాక్ (మన ప్రాంతం పిట్టల సమాచారం) డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది. 2021లో వచ్చిన సౌండ్ ఐడీ నొక్కి ఫోన్ అలా పట్టుకుంటే చాలు, కూత స్క్రీన్ మీద గీతలు గీతలుగా పాకుతూ వస్తుంది, కింద పిట్ట పేరు పడుతుంది, అదే పిట్ట మళ్లీ కూస్తే పేరు మళ్లీ వెలుగుతుంది.

తంటా ఎక్కడంటే అదే యాప్‌లో ఆ పిట్ట రికార్డింగులు కూడా ఉంటాయి, ప్లే బటన్‌తో సహా. మొన్న ఎప్పుడోగానీ కనపడని పిట్ట ఒకటి పాడుతోందని తెలిసి ఐదారుగురం వెళ్లాం. పొదలోంచి పాట వినపడుతోంది, పిట్ట మాత్రం బయటికి రాదు. ఇంకొకళ్ల మీదకి తోయడం ఎందుకు, నేనే ప్లే నొక్కాను. టక్కున వచ్చేసింది, కొమ్మ మీద మెడ ఈకలు నిక్కబొడుచుకుని అటూ ఇటూ వెతుకుతోంది, అందరూ కెమెరాలు ఎత్తేశారు. పక్కనున్న పెద్దాయన మాత్రం "ఆపు బాబూ, ఇంకో మగపిట్ట తన చోటులోకి వచ్చిందనుకుంటోంది అది" అన్నారు. నా నోట్లో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. మేత మానేసి, పాట మానేసి, నా ఫోన్లో ఉన్న శత్రువు కోసం తిరుగుతోందన్నమాట పాపం! అరుదైన పిట్ట కాబట్టి చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువ, తలా ఒకసారి నొక్కినా దాని రోజంతా ఇందుకే సరిపోతుంది.

ఆయన మాట విని వెనక్కి జరిగి సైలెంట్‌గా కూర్చున్నాం. పాడే పిట్టలకి ఇష్టమైన కొమ్మలు కొన్ని ఉంటాయట, తిరిగి తిరిగి వాటి మీదకే వస్తాయట. ఇరవై నిమిషాలు పట్టింది, దోమలు పీక్కుతిన్నాయి అది వేరే సంగతి, కానీ ఎండుకొమ్మ చివర వాలి నోరంతా తెరిచి పాడుతుంటే గొంతు కింద ఈకలు అదరడం కూడా బైనాక్యులర్‌లో కనిపించింది. పాట ఆపేసి టిక్ టిక్‌మని అదే పనిగా అరుస్తోందంటే మాత్రం మనం మరీ దగ్గరికెళ్లామని లెక్క, లేచి వచ్చేయడమే.

ఇంకోటి, యాప్ పేరు చూపించింది కదా అని వెంటనే గ్రూపుల్లో లొకేషన్ పెట్టేయకండి. వేరే పిట్టల గొంతు అనుకరించేవి ఉంటాయి, యాప్ పొరబడొచ్చు. పొరబడకపోతే ఇంకా ప్రమాదం, తెల్లారేసరికి జాతరే. ఏ పిట్టని ఎక్కడ చూశామో నమోదు చేసే ఈబర్డ్ కూడా వీళ్లదే, అందులో అయితే బాగా ముప్పులో ఉన్న కొన్ని జాతులు ఎక్కడున్నాయో బయటికి కనపడకుండా దాచేస్తారు, అది నాకు బాగా నచ్చింది.

ఐదుకి నాలుగున్నర ఇస్తా. ఇప్పుడు బయల్దేరేముందే ఫోన్ సౌండ్ పూర్తిగా తగ్గించేస్తున్నా, మైక్‌కి దాంతో పనిలేదు కదా. రికార్డింగులు ఇంట్లోనే, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని.