కార్డేలియా ఎంప్రెస్‌లో హనీమూన్: ఏ కేబిన్‌కి డబ్బు పెట్టొచ్చు, దేనికి అక్కర్లేదు

ముంబై నుంచి గోవాకో లక్షద్వీప్‌కో విహార ఓడ కార్డేలియా ఎంప్రెస్ ఎక్కుదామనుకునే కొత్త జంటలు మొదట అడిగేది బాల్కనీ రేటు. అది విన్నాక గుండె జారి, ఏజెంటు ఏది చూపిస్తే దానికి తలూపేస్తారు. బడ్జెట్ గట్టిగా ఉన్నప్పుడు ఈ ఓడలో ముందు చూడాల్సింది కేబిన్ ఎక్కడుందన్నది. ఓడ మధ్యలో ఉందా, ఏ డెక్కులో (అంతస్తులో) ఉంది, నెత్తిమీద ఏముంది, కింద ఏముంది? ఇవి సరిగ్గా కుదిరితే అన్నింటికంటే చవకైన, కిటికీ లేని ఇంటీరియర్ కేబిన్‌లో కూడా హాయిగా నిద్ర పడుతుంది. ఇవి కుదరకపోతే సూట్ తీసుకున్నా తెల్లవార్లూ డీజే బేస్ వింటూ పడుకోవాలి.

ఓడ వయసు తెలిస్తే కేబిన్ల సంగతి సగం అర్థమవుతుంది. ఇది 1990లో ఫ్రాన్స్‌లోని సెయింట్ నజైర్‌లో నార్డిక్ ఎంప్రెస్ పేరుతో తయారైంది. రాయల్ కరీబియన్ కింద, మధ్యలో కొన్నాళ్లు స్పెయిన్ కంపెనీ పుల్‌మంతూర్ కింద తిరిగి, 2021 సెప్టెంబరులో కార్డేలియా పేరుతో ముంబై నుంచి ప్రయాణాలు మొదలుపెట్టింది. పొడవు దాదాపు 210 మీటర్లు. ఆ రోజుల్లో ఓడలకి వరసగా బాల్కనీలు పెట్టే అలవాటు లేదు. అందుకే ఇందులో ఎక్కువ భాగం ఇంటీరియర్, సముద్రం వైపు కిటికీ ఉన్న ఓషన్ వ్యూ కేబిన్లే. బాల్కనీ కావాలంటే మినీ సూట్‌కో సూట్‌కో వెళ్లాలి. అవి కొద్దిగానే ఉన్నాయి కాబట్టి రేటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. సింగపూర్ నుంచి నడిచే జెంటింగ్ డ్రీమ్ సంగతి వేరు. అది 2016 నాటి ఓడ, మూడింట రెండొంతులకు పైగా కేబిన్లకి బాల్కనీ ఉంది. అక్కడ ఓషన్ వ్యూకీ బాల్కనీకీ తేడా చాలాసార్లు భరించగలిగేంతే ఉంటుంది. బాల్కనీయే కల అయితే ఆ డబ్బు సింగపూర్ ట్రిప్పుకి దాచుకోవడం మేలు, ఎంప్రెస్‌లో దానికోసం అప్పు చేయొద్దు.

ఇక ఇంటీరియర్. గది 120 చదరపు అడుగులకి అటూ ఇటూగా ఉంటుంది. రెండు మంచాలు, ఒక అద్దం బల్ల, చిన్న అల్మారా, టీవీ, బాత్రూమ్. ఒకరు అద్దం ముందు జడ వేసుకుంటుంటే రెండోవారు మంచమ్మీద కూర్చోవాల్సిందే, ఇద్దరూ కలిసి నిలబడి తయారయ్యే చోటు లేదు. పెళ్లికి కొన్న 28 అంగుళాల సూట్‌కేసులు రెండూ తెచ్చారో, తలుపుకీ మంచానికీ మధ్య నడిచే దారి పోతుంది. మంచం కింద దూరేది మధ్య సైజు పెట్టె. పట్టుచీరలూ షేర్వానీలూ ఇంట్లో వదిలి, ఇద్దరికీ కలిపి ఒక మధ్య సైజు పెట్టె, ఒక బ్యాగు చాలనుకుంటే గది గదిలా ఉంటుంది. ఓడ గోడలు చాలావరకు ఇనుప రేకువి, అయస్కాంతం అంటుకుంటుంది. నాలుగు అయస్కాంతపు కొక్కేలు పెట్టెలో వేసుకుంటే తడి తువ్వాళ్లకీ టోపీలకీ హ్యాండ్‌బ్యాగుకీ చోటు దొరుకుతుంది.

ఇంటీరియర్‌లో లైటు ఆర్పితే చిమ్మచీకటి. పొద్దున ఏడైనా అర్ధరాత్రిలాగే ఉంటుంది. పెళ్లి అలసట మీద వచ్చినవాళ్లకి అదొక వరమే. బాత్రూమ్ లైటు వేసి తలుపు ఓరగా పెడితే అర్ధరాత్రి లేచినప్పుడు తడుముకోనక్కర్లేదు. మూసేసిన గదిలో ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు, లిఫ్టులో భయపడేవాళ్లు మాత్రం ఇంటీరియర్ జోలికి వెళ్లొద్దు. ఈ మాట బుకింగ్‌కి ముందే ఒకరినొకరు అడిగి తెలుసుకోవాలి. నెల క్రితమే పెళ్లి కుదిరినవాళ్లకి ఎదుటివాళ్ల భయాలన్నీ తెలిసి ఉంటాయనుకోలేం.

ఓషన్ వ్యూ అంటే కిటికీ ఉన్న గది, అంతే. తెరుచుకోదు, గాలి రాదు. ఈ ఓడలో కిటికీతో పాటు గది పెద్దగా పెరగదని గుర్తుంచుకోవాలి. రెండు రాత్రుల ప్రయాణంలో ఆ కిటికీ ఎంతసేపు పనికొస్తుందో లెక్కేయండి. మధ్యాహ్నం ఎక్కుతారు, సాయంత్రం ఓడ కదిలే వేళకి అందరూ పైడెక్కులోనే ఉంటారు. రాత్రి కిటికీ అవతల నలుపు తప్ప ఏమీ కనపడదు. భోజనాలూ షోలూ స్విమ్మింగ్ పూలూ ఒడ్డున తిరుగుడూ తీసేస్తే, పగటివేళ గదిలో కూర్చునేది మహా అయితే ఏడెనిమిది గంటలు. లెక్క కోసం ఇద్దరికీ కలిపి తేడా 4,000 రూపాయలు అనుకుంటే, గంటకి 500 పైమాటే. రెండు రాత్రులకి నా ఓటు ఓడ మధ్యలో ఉన్న ఇంటీరియర్‌కే. మిగిలిన డబ్బు గోవాలో ఖర్చుపెట్టుకోవచ్చు.

మూడు రాత్రులు దాటినా, ఒక రోజంతా సముద్రం మీదే ఉన్నా లెక్క తిరగబడుతుంది. లక్షద్వీప్ ప్రయాణమైతే మరీను. అక్కడ ఇంత పెద్ద ఓడ ఒడ్డుకి రాదు, దూరంగా ఆగి చిన్న పడవల్లో జనాన్ని దీవికి చేరవేస్తారు. అలలు ఎక్కువుంటే ఆ పడవలు దింపరు, దీవి దిగడం రద్దవుతుంది. టికెట్ నిబంధనల్లో ఈ సంగతి ఎక్కడో ఒక మూల రాసే ఉంటుంది. అలాంటి రోజు పొద్దుట్నుంచి రాత్రిదాకా ఓడలోనే గడపాలి, కిటికీ విలువ అప్పుడు తెలుస్తుంది. లక్షద్వీప్‌కి అయితే ఓషన్ వ్యూయే తీసుకోండి.

కిటికీ ఏ వైపు ఉండాలన్నది చాలామంది పట్టించుకోరు. ఓడ ముందు వైపుకి తిరిగి నిలబడితే కుడిచేయి వైపు స్టార్‌బోర్డ్, ఎడమచేయి వైపు పోర్ట్. ముంబై నుంచి దక్షిణంగా గోవాకి వెళ్లేటప్పుడు సూర్యాస్తమయం స్టార్‌బోర్డ్ వైపు, తిరుగు ప్రయాణంలో పోర్ట్ వైపు. కాబట్టి రానూపోనూ టికెట్లో ఏ వైపైనా ఒకటే. చెన్నై నుంచి విశాఖకి ఒకవైపు ప్రయాణమే అయితే ఉత్తరంగా వెళ్తారు కనుక సూర్యోదయం చూడాలంటే స్టార్‌బోర్డ్ అడగండి.

ఇప్పుడు అసలు పని, డెక్ ప్లాన్ చదవడం. కంపెనీ వెబ్‌సైట్లో ఒక్కో అంతస్తు బొమ్మ విడిగా ఉంటుంది. మీకు ఇస్తామన్న కేబిన్ నంబరు పట్టుకుని, సరిగ్గా దాని పై అంతస్తు బొమ్మా కింది అంతస్తు బొమ్మా పక్కపక్కన పెట్టి చూడండి. పైనా కిందా కేబిన్లే ఉంటే నిశ్చింత. పైన పూల్ డెక్కు ఉంటే తెల్లవారుజామునే కుర్చీలు ఈడ్చే చప్పుడు నేరుగా నెత్తిమీద పడుతుంది. కింద థియేటరో బారో ఉంటే అర్ధరాత్రి దాటేదాకా మంచం కూడా దరువేస్తుంది. పైన వంటగదో ఫుడ్ కోర్టో ఉంటే తోపుడు బండ్ల చక్రాల మోత. డెక్ ప్లాన్లో పేరూ నంబరూ లేకుండా ఖాళీగా వదిలేసిన చోటు సిబ్బంది పనిచేసే చోటు కావచ్చు, దాని పక్క గదికి కూడా దూరంగా ఉండండి. లిఫ్టు దగ్గర గది వద్దంటారు గానీ అది అతి జాగ్రత్త. నాలుగు తలుపులు దాటాక లిఫ్టు చప్పుడు వినపడదు, ఎటు వెళ్లాలన్నా దగ్గర కూడా.

ఊగడం సంగతి. ఓడ ముందూ వెనకా తూగుడుబల్ల రెండు చివర్లలా లేచి పడతాయి, నడుమ కదలిక తక్కువ. పైకి వెళ్లేకొద్దీ పక్కలకి ఒరగడం ఎక్కువ తెలుస్తుంది. నీళ్లలో రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఆ పక్క ఒరుగుడుని తగ్గిస్తాయే తప్ప ముందువెనకల లేచిపడటాన్ని పెద్దగా ఆపలేవు. అందుకే మధ్యలో, కింది డెక్కుల్లో ఉన్న గది అన్నింటికంటే నిలకడ. విచిత్రమేమిటంటే రేటు కూడా అక్కడే తక్కువ. 'అప్పర్', 'ప్రీమియర్' అని పేర్లు తగిలించిన కేబిన్లకి అదనంగా కట్టేది చాలావరకు చోటుకే, గది వైశాల్యానికి కాదు. కళ్లు తిరిగే ఒంటికి ఆ పై చోటే నప్పదు. కింది డెక్కులో మరీ ముందుకి వెళ్లినా చిక్కే. రేవుకి చేరేటప్పుడు ఓడని పక్కకి జరిపే థ్రస్టర్ల గర్జన అక్కడ నిద్ర లేపేస్తుంది. మరీ వెనక్కి వెళ్తే ఇంజిన్ అదురు. వాంతుల మాత్ర వేసుకునేదుంటే డాక్టర్నడిగి ఓడ కదలకముందే వేసుకోవాలి. కళ్లు తిరగడం మొదలయ్యాక వేస్తే కడుపులో నిలవదు.

మంచం విషయంలో మొహమాటపడొద్దు. పాత ఓడల్లో రెండు సింగిల్ మంచాలుంటాయి, జరిపి ఒకటి చేస్తారు. కొన్ని కేబిన్లలో గోడలోకి మడిచే పై బంకులుంటాయి, అవి ముగ్గురు నలుగురు ఉండే కుటుంబాలకి. జంటకి అలాంటి గది తగిలితే లేచేటప్పుడల్లా నుదురు కొట్టుకునే ప్రమాదం. బుక్ చేసేటప్పుడే మూడు మాటలు చెప్పండి: ఇద్దరు పట్టే కేబిన్ కావాలి, మంచాలు కలిపి వేయాలి, పక్క గదిలోకి తలుపున్న కనెక్టింగ్ రూమ్ వద్దు. ఈ మూడోది హనీమూన్ జంటకి ముఖ్యం. ఆ తలుపు సందులోంచి పక్కవాళ్ల దగ్గు కూడా వినిపిస్తుంది. వాళ్లకి మీ మాటలూ అంతే. ఓషన్ వ్యూ అయితే ఎదురుగా లైఫ్‌బోటు ఉందేమో కూడా అడగండి. సముద్రం బదులు నారింజ రంగు పడవ అడుగుభాగం చూస్తూ కూర్చోవడానికి డబ్బు కట్టక్కర్లేదు.

చవగ్గా వస్తుందని కేబిన్ నంబరు లేకుండా 'గ్యారంటీ' టికెట్ తీసుకుంటే పైన చెప్పినదంతా వదులుకున్నట్టే. రకం మాత్రమే ఖాయం, చోటు వాళ్లిష్టం. స్నేహితుల గుంపుగా వెళ్లేవాళ్లకి పర్లేదు, కొత్త జంటకి వద్దు. ఏజెంటు 'సీ వ్యూ' అని నోటిమాటగా చెబితే నమ్మకుండా, వోచర్ మీద రకం పేరు, కేబిన్ నంబరు రెండూ ముద్రించి ఇమ్మనండి.

రేటు దగ్గర మోసపోయేది బుకింగ్ వెబ్‌సైట్ మొదటి తెర మీద కనిపించే అంకె వల్ల. అది సాధారణంగా ఒక్కరికి, ఇద్దరుండే లెక్కన. రెండుతో గుణించి, పోర్ట్ ఛార్జీలు, సర్వీసు ఛార్జీ, పన్ను కలిపిన చివరి తెర దాకా వెళ్లాకే పోల్చాలి. ఒకే తేదీకి రెండు రకాల కేబిన్లు ఆ చివరి తెరలోనే చూడండి. మామూలు భోజనం టికెట్లోనే వస్తుంది, శాకాహారులకి ఇబ్బంది లేదు. మద్యం, వైఫై, ఒడ్డున టూర్లు, స్పా వేరే. గదిలో పూల అలంకరణ, కేకు కావాలంటే ముందే అడిగి రేటు రాయించుకోవాలి. కొవ్వొత్తులు, ఇస్త్రీపెట్టె ఓడలోకి రానివ్వరు, నిప్పు భయం.

తేదీ మారిస్తే కేబిన్ మార్చినంత లాభం. శుక్రవారం బయల్దేరే ప్రయాణంలో రేటూ ఎక్కువే, ఆఫీసు గుంపులూ బ్యాచిలర్ పార్టీలూ ఎక్కువే. వారం మధ్యలోవి చవక, కాస్త ప్రశాంతం. క్రిస్మస్, కొత్త సంవత్సరం వారంలో ఇంటీరియర్‌కి కట్టేదాంతో మామూలు రోజుల్లో ఓషన్ వ్యూ వచ్చేయొచ్చు. మాఘ ఫాల్గుణాల్లో పెళ్లయ్యేవాళ్లకి అరేబియా సముద్రం నిమ్మళంగా ఉంటుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాల వల్ల పడమటి తీరం అల్లకల్లోలం. ఆ నెలల్లో ఈ ఓడ చెన్నై వైపుకి వచ్చి, విశాఖ, పుదుచ్చేరి కలిపి నడిచిన సీజన్లు ఉన్నాయి. తెలుగువాళ్లకి దగ్గరే గానీ ఆషాఢం అడ్డొస్తుంది. శ్రావణం పెళ్లిళ్లవాళ్లకి బాగా కుదరొచ్చు. కార్తీకంలో బంగాళాఖాతం వైపు తుపాన్ల సీజన్, తూర్పు తీరం టికెట్ తీసుకుంటే రద్దు నిబంధనలు రెండుసార్లు చదవండి.

టికెట్ మీద పేరు గుర్తింపు కార్డు మీద ఉన్నట్టే ఉండాలి. పెళ్లయిన ఉత్సాహంలో అమ్మాయి పేరు ముందు అత్తింటి ఇంటిపేరు పెట్టి బుక్ చేస్తారు, ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. చెక్ఇన్ కౌంటర్ దగ్గర అది తలనొప్పి. హైదరాబాద్ నుంచి అదే రోజు విమానం పట్టుకుని ఓడ అందుకుందామనుకోవద్దు, ఓడ బయల్దేరడానికి చాలా ముందే గేటు మూసేస్తారు. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే ముంబై సీఎస్‌ఎంటీ స్టేషన్లో దించుతుంది. అక్కడి నుంచి ఓడ ఎక్కే రేవు బల్లార్డ్ పియర్ టాక్సీలో పది నిమిషాల దూరం. విమానం ఆలస్యం బెంగా ఉండదు, ముందురోజు హోటల్ ఖర్చూ మిగులుతుంది.

గదిలో అడుగుపెట్టగానే పెట్టె విప్పకముందు నాలుగు చూడండి. మంచాలు కలిపి వేశారా, ఏసీ పనిచేస్తోందా, బాత్రూమ్‌లో నీళ్లు నిలవకుండా పోతున్నాయా, మురుగు వాసన ఉందా? తేడా ఉంటే గది చూసే సిబ్బందికి చెబితే మంచాలు కలిపేస్తారు. మిగతా వాటికి రిసెప్షన్‌కి వెళ్లి పేరు రాయించండి. రాకుండా మిగిలిపోయిన ప్రయాణికుల లెక్క ఓడ కదిలాకే తేలుతుంది, ఖాళీ కేబిన్లు బయటపడేదీ అప్పుడే. ఆ సాయంత్రమే మళ్లీ వెళ్లి అడిగితే మార్చే అవకాశం ఉంటుంది. మర్నాటికి వాయిదా వేస్తే రెండు రాత్రుల్లో ఒకటి అప్పటికే అయిపోయి ఉంటుంది.