వేలి ఆక్సీమీటర్: ఎవరి వేలికి ఎంత నిజం చెబుతుంది?

2021 ఏప్రిల్, మే నెలల్లో, కరోనా రెండో వేవ్‌లో, అడిగిన ధర ఇచ్చి మరీ కొన్న క్లిప్పు ఇది. ఇప్పుడు చాలా ఇళ్లలో సొరుగులో పడి ఉంది. పనికొచ్చే వస్తువే, కాకపోతే అందరి వేలికీ ఒకేలా పనిచేయదు.

లోపల రెండు చిన్న లైట్లుంటాయి. ఒకటి ఎర్రది, సుమారు 660 నానోమీటర్లు. ఇంకోటి కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్, సుమారు 940. వేలి గుండా ఎంత వెలుతురు దాటిందో చూసి రక్తంలో ఆక్సిజన్ శాతం లెక్కగడుతుంది. చర్మానికి నలుపునిచ్చే మెలనిన్ ఆ వెలుతురులో కొంత మింగేస్తుంది కాబట్టి లెక్క తప్పుతుంది. 2020 డిసెంబర్‌లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో, మీటరు 92-96 చూపించినా ధమని రక్తంలో 88 కన్నా తక్కువే ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల కొలతల్లో 11.7 శాతం, తెల్లవారి కొలతల్లో 3.6 శాతం. రెండు నెలలకు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా హెచ్చరించింది. మనం మాత్రం 94 దగ్గర అందరికీ ఒకే గీత గీసి, బెడ్ కావాలా వద్దా అన్నది దాన్నిబట్టే చూశాం. నల్లటి చేతుల వాళ్లకు ఆ గీత ఆలస్యంగా తగలొచ్చు.

అందుకే ఒక్క అంకెను నమ్మకండి. ఒంట్లో బాగున్నప్పుడే చూసి రాసిపెట్టుకోండి. ఎప్పుడూ 98 ఉండే మనిషికి 95కి దిగిందంటే అదీ కబురే.

చూసే ముందు ఐదు నిమిషాలు కూర్చోవాలి. నెయిల్ పాలిష్ తీసేయాలి, గోరింటాకు ముదురుగా పండిన వేలు వదిలేయాలి. చల్లటి చేతులైతే రుద్ది వేడి చేసుకోవాలి. వేలు చివరిదాకా పెట్టి, చెయ్యి గుండె ఎత్తులో కదలకుండా ఉంచాలి. అంకె నిలకడగా ఆగేదాకా, కనీసం నిమిషం ఆగాలి. మణికట్టు దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మీటరు చూపే పల్స్‌తో బాగా తేడా ఉంటే ఆక్సిజన్ అంకె కూడా అనుమానమే.

ధర సంగతి: లాభాన్ని 70 శాతానికి కట్టడి చేసిన ఉత్తర్వు 2021 జులై 20న అమల్లోకి వచ్చింది. అప్పటికి రెండో వేవ్ గడిచిపోయింది! కూలి డబ్బులతో బతికే ఇళ్లకు ఆశా కార్యకర్త దగ్గరున్న మీటరే దిక్కు. నలుగురి వేళ్లు మారేటప్పుడు స్పిరిట్‌ దూదితో తుడవాలి.

కొత్తగా కొనేవాళ్లు పల్స్ గ్రాఫ్ కనిపించే మోడల్ తీసుకోండి, గీత వంకరటింకరగా ఎగురుతుంటే ఆ రీడింగ్ వదిలేయొచ్చు. వాడనప్పుడు రెండు ఏఏఏ సెల్స్ తీసి పెట్టండి, లేకపోతే కారి తుప్పు పడుతుంది. పెదాలు నీలంగా మారినా, మాట మధ్యలో ఆయాసం వచ్చినా, మీటరు 96 చూపిస్తున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే.