ఫ్లోరిడా శిక్షణా, దేవరకొండ పొలమా?

పరాయి భాష, పరాయి నేల మీద సేవకు వెళ్లే మిషనరీలకు సేద్యం కూడా నేర్పాలనుకునే మన సంఘాలకు రెండు దారులున్నాయి.

ఒకటి ఎకో. 1981 నుంచి అమెరికాలో ఫ్లోరిడాలోని ఫోర్ట్ మయర్స్ దగ్గర నడుస్తున్న క్రైస్తవ సంస్థ. మెట్ట నేల, కొండ వాలు, అడవి నరికిన భూమి, పట్నంలో డాబా తోట, అన్నిటికీ నమూనాలు అక్కడే వేసి చూపిస్తారు. విత్తన బ్యాంకూ ఉంది. ఆఫ్రికాకు వెళ్లేవాళ్లకు చాలా మేలు. వీసా, విమానం ఖర్చు మాత్రం చిన్న సంఘాలకు మోయలేని భారం.

రెండోది, నల్గొండ జిల్లా దేవరకొండ వైపు ఓ మెట్ట రైతు దగ్గర తొలకరి నుంచి కంది కోత దాకా ఉండటం. నా ఓటు దీనికే. ఎర్ర చల్కలో, అంటే ఇసుక పాలున్న తేలిక ఎర్ర నేలలో, తడి ఎంతోసేపు ఆగదు, పదును చూసి విత్తాలి. ఎకరాకు జీవామృతం, అంటే పొలానికి పోసే ద్రవ ఎరువు, కలపాలంటే 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి. డ్రమ్ము నీడలో పెట్టి పూటపూటా కర్రతో తిప్పాలి. ఇవి చేతులకు అలవాటు కావాలి. అన్నిటికంటే ముఖ్యం, సలహా చెప్పేముందు రైతు మాట వినడం అలవాటవుతుంది. సాయం చేసి, బదులుగా ప్రార్థనకు రమ్మనే బేరం ఎంత తప్పో కూడా అక్కడే అర్థమవుతుంది.

అయితే చల్క ఒక్కటే నేర్చుకున్నవాళ్లు తడి కొండల్లో తడబడతారు. అలాంటిచోటికి వెళ్లేవాళ్లను తర్వాత ఎకోకు పంపొచ్చు. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మైలో దానికి ఆసియా కేంద్రం ఉంది, ఫ్లోరిడా కంటే మనకు దగ్గర.