ఎర్ర నాచుకు పేరు పెట్టాలంటే మైక్రోస్కోపా, డీఎన్‌ఏనా?

పెంచలకోన వాగులో రాళ్లకు పట్టుకున్న నల్లటి జిగురు పాచిని సీసాలో వేసి, పాడవకుండా ఉంటుందని ఫార్మలిన్ కూడా పోసుకుని నెల్లూరు తెచ్చాడు మా జూనియర్. "అన్నా, ఇది ఎర్ర నాచేనా? ఏ జాతి?" అంటాడు. పేరుకే ఎర్ర నాచు, మంచినీళ్లలో పెరిగేది చాలాసార్లు నీలంగానో పచ్చగానో ఉంటుంది కాబట్టి రంగు చూసి చెప్పే పనే లేదు.

మైక్రోస్కోప్ చవక, కాలేజీలో ఉన్నదే సరిపోతుంది. బాట్రకోస్పెర్మమ్ అనే మంచినీటి ఎర్ర నాచు అయితే కప్పగుడ్ల దండలా కనిపిస్తుంది (ఆ గ్రీకు పేరుకు అర్థం కూడా ఇంచుమించు అదే), ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు, అంటే genus) వరకు పది నిమిషాల పని. జాతి దగ్గరికొచ్చేసరికే తంటా. ఆడ కణం ఆకారం, అది కూర్చున్న కొమ్మ తిన్నగా ఉందా మెలి తిరిగిందా అన్నది చూడాలి, మనం తెచ్చిన ముక్కలో అవి లేకపోతే అంతే సంగతులు. పైగా దీని జీవిత చక్రంలో షాంట్రాన్సియా అని ఒక దశ ఉంది, చిన్న కుచ్చులాగా, అప్పుడు ఏ జాతిదైనా ఒకేలా ఉంటుంది, ఎంత అనుభవం ఉన్నవాళ్లయినా చూసి చెప్పలేరు.

అక్కడ డీఎన్‌ఏదే పైచేయి. కంప్సోపోగన్ అని ఇంకో మంచినీటి ఎర్ర నాచు ఉంది, దానికి ఆకారం చూసి బోలెడు జాతుల పేర్లు పెట్టేశారు, 2013లో ప్రపంచం నలుమూలల నమూనాల జన్యువులు పోల్చి చూస్తే అన్నీ ఒకటే జాతి, సెరూలియస్! అలాగని మైక్రోస్కోప్ వాళ్లను తక్కువ చేయలేం. 2009లో బాట్రకోస్పెర్మమ్ నుంచి కుమనోవాను వేరే ప్రజాతిగా విడదీసినప్పుడు, ఆ మెలి తిరిగిన కొమ్మల వాటిని పాతవాళ్లు ఆకారం చూసి ముందే వేరే గుంపుగా పెట్టి ఉన్నారు.

ఒక్క జన్యువుకే డబ్బులుంటే నేనైతే ఆర్‌బీసీఎల్ (rbcL) అనే జన్యువు చేయిస్తా, పోల్చుకోవడానికి జన్యువుల డేటాబేస్‌లో దానివే ఎక్కువ దొరుకుతాయి. సీఓఐ (COI) అనే ఇంకో జన్యువులో చదివే ముక్క పొట్టిది, సుమారు 660 డీఎన్‌ఏ అక్షరాలు, త్వరగా మారుతుంది, దగ్గరి జాతులను విడదీయడానికి బాగుంటుంది. ఏది చేసినా ముందు లెన్స్ కింద పెట్టి, అంటుకున్న డయాటమ్‌లు (ఒకే కణం ఉండే చిన్న నాచులు) తీసేయాలి, లేకపోతే వాటి డీఎన్‌ఏ కూడా కలిసిపోతుంది. డేటాబేస్‌లో ఎవరైనా తప్పు పేరుతో పెట్టి ఉంటే మనకూ ఆ తప్పే వస్తుంది, అది వేరే టెన్షన్.

మావాడి సీసా మాత్రం స్లైడ్లకే పనికొస్తుంది, ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది కదా. వాగులో నీళ్లు తగ్గకముందే మళ్లీ పొమ్మన్నా, ఈసారి జేబులో నమూనాను ఆరబెట్టే సిలికా జెల్ పొట్లాలతో.