నాలుగు వేళ్ళ అచ్చు: చీరాల, వేటపాలెంలో నాలుగు రోజులు

ఒక్కొక్కరికి పద్దెనిమిది వందలు, ఇద్దరికి కలిపి 3,600. ముందు ఆ లెక్క చెప్పేస్తే గానీ నా కడుపుమంట చల్లారదు. సముద్రం ఒడ్డున ఒక రిసార్టులో 'ప్రకృతి నలుగు స్నానం' అని మా అక్కకీ, అక్క కూతురు చిట్టికీ ఒళ్ళంతా ఏదో పూసి పుచ్చుకున్న డబ్బు అది. ఆ రిసార్టు పేరు రాయను. ఆ ఒడ్డున ఏ బోర్డు చూసినా అవే పచ్చటి ఆకులూ, అదే తామరపువ్వూ కాబట్టి ఒక్కదాని పేరు రాసి లాభం కూడా లేదు.

అసలు నేను బయల్దేరింది వేటపాలెం గ్రంథాలయం చూడ్డానికి. ఎన్నేళ్ళుగానో అనుకుంటున్నాను. నవంబరు 14 నుంచి గ్రంథాలయ వారోత్సవాలు కదా, ఆ వారంలోనే వెళ్దామని పట్టుబట్టాను. "లైబ్రరీ చూడ్డానికి ఎవరైనా రైలెక్కుతారుటే?" అంది అక్క. సముద్రం కూడా చూద్దాం అన్నాక మెత్తబడింది. చిట్టి ఫోటోల కోసం కాలేజీకి డుమ్మా కొట్టింది. అలా ముగ్గురం మూడు కారణాలతో ఒక మంగళవారం పొద్దున బెజవాడలో రైలెక్కాం. రైలు బాగుంది, టైముకే దింపింది, చీరాల స్టేషనులో టీ పది రూపాయలు. అంతకంటే చెప్పడానికేం లేదు.

రిసార్టు గది రాత్రికి పన్నుతో కలిపి 4,410. రెండు రాత్రులకీ ముందే కట్టించుకున్నారు. 'సముద్రం కనబడే గది' అన్నారు, కనబడింది కూడా, బాత్‌రూములో బకెట్టు బోర్లించి దాని మీద నిలబడితే. దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి. ఉచితం అన్న టిఫిన్ చల్లారిన ఇడ్లీలూ, నీళ్ళ చట్నీనూ. వీటికి నేను గొడవ పడలేదు. ఒడ్డున గదంటే చెమ్మ ఉంటుంది, ఉచితమంటే ఇడ్లీ చల్లారే ఉంటుంది.

బుధవారం పొద్దున తొమ్మిదింటికి రిసెప్షన్‌లో అమ్మాయి అక్కని పట్టుకుంది. "మేడం, మా దగ్గర కెమికల్స్ ఉండవు, అంతా మన అమ్మమ్మల కాలం నాటిదే." అమ్మమ్మ పేరు ఎత్తితే మా అక్క కరిగిపోతుంది. నన్నూ లాగబోయారు గానీ, నా చేతిలో నవల సగంలో ఉంది. వరండాలో కుర్చీ నీడలో ఉంది. నేను లేవలేదు. పుస్తకం నాకు మిగిల్చిన డబ్బు పద్దెనిమిది వందలని అక్క ఇప్పటికీ దెప్పుతుంది.

మధ్యలో ఒకసారి తలుపు తీసి చూశాను. స్టీలు గిన్నెలో పచ్చగా ఏదో పిండి. సున్నిపిండికి పెసల వాసన రావాలి, కచ్చూరాల ఘాటు రావాలి. దీనికి అగరుబత్తి వాసన వస్తోంది. పక్కన పళ్ళెం నిండా కోసిన నిమ్మచెక్కలు. ఆ పూసే అమ్మాయి ఒక్కో చెక్క తీసి చిట్టి చేతుల మీద, మెడ మీద నేరుగా పిండి, వేళ్ళతో పైనుంచి కిందికి లాగుతోంది.

"ఇందులో ఏమేం కలిపారమ్మా?"

"అన్నీ నేచురలేనండి."

"నేచురలంటే ఏంటని?"

"అంటే... నేచురలేనండి."

ఆ పిల్లని అని లాభం లేదు. ఆమెకి ఎవరో డబ్బా ఇచ్చారు, ఆమె పూసింది. పైన గోరువెచ్చటి నీళ్ళతో తుడిచి, "మెరుపు అలాగే ఉండాలంటే ఇవాళంతా సబ్బు రాయకండి" అని చెప్పి పంపింది. ఆ మాట గుర్తుపెట్టుకోండి.

పదకొండున్నరకి మిట్టమధ్యాహ్నపు ఎండలో చిట్టి ఇసకలో ఫోటోలు దిగడానికి పోయింది. చేతుల్లేని గౌను. రెండు గంటలు నిలబడింది. అక్క మాత్రం "ఒళ్ళు హాయిగా ఉందే" అంటూ గదిలో ఫ్యాను కింద పడి నిద్రపోయింది. తల్లీకూతుళ్ళకి రాసింది ఒక్కటే, తేడా అల్లా ఎండ. ఇది అప్పుడు తెలియలేదు.

సాయంత్రానికి చిట్టి జుట్టు కొబ్బరిపీచైంది. ఉప్పుగాలి ఒకటి, వాళ్ళిచ్చిన 'మూలికా షాంపూ' ఒకటి. ఆ షాంపూ సీసా 650 పెట్టి కొని ఉంది అప్పటికే. తిప్పి చూశాను. కలబంద బొమ్మ ఉంది, మందారం బొమ్మ ఉంది. తయారు చేసినవాళ్ళ చిరునామా లేదు, బ్యాచ్ నంబరు లేదు, లైసెన్సు నంబరు లేదు, ఎప్పటిలోగా వాడాలో లేదు, లోపల ఏమున్నాయో అసలే లేదు. మన దేశంలో అమ్మే ఇలాంటి షాంపూ సీసా మీద ఇవి ఉండి తీరాలి. అడిగితే "హ్యాండ్‌మేడ్ కదండీ" అన్నారు. చేత్తో చేస్తే చేసిన చెయ్యి ఎవరిదో రాయకూడదా?

గురువారం పొద్దున్నే మూటాముల్లె సర్దుకుని చీరాల ఊళ్ళోకి వచ్చేశాం. ఆటో 200. స్టేషనుకి దగ్గర్లో ఒక మామూలు లాడ్జి, ఏసీ గది 1,200. దుప్పటి ఉతికి ఎండలో ఆరేసిన వాసన వచ్చింది, నాకది చాలు. గదులు ఊడ్చే పెద్దావిడ చిట్టి తల చూసి, "ఏం తల్లీ, కొప్పా, కాకిగూడా?" అని నవ్వి వెళ్ళిపోయింది. కాసేపటికి గుప్పెడు కుంకుడుకాయలు చీరకొంగులో వేసుకుని వచ్చింది. పెరట్లో రాతి మీద ఒక్కోటీ కొట్టి, నల్లటి గింజలు ఏరి పారేసి, తొక్కలు వేణ్ణీళ్ళలో వేసింది. కాసేపాగి పిసికితే గిన్నె అంచు దాటి నురగ. కుంకుడుకాయలో ఉండే సపోనిన్ల గుణం అది, నీళ్ళలో పిసికితే సబ్బులా నురగ కడతాయి, జిడ్డు వదులుతుంది. కళ్ళలో పడితే మాత్రం నరకం, చిట్టికి పడింది, కెవ్వుమంది. పెద్దావిడ కంగారు పడకుండా వంటింట్లోంచి ఉప్పు కల్లు తెచ్చి పిల్ల నోట్లో వేసింది. చిన్నప్పుడు అమ్మ మాకూ ఇలాగే వేసేది. ఉప్పుకీ కంటికీ సంబంధమేంటో గానీ, ఏడుపు మాత్రం ఆగింది. ఎంతిమ్మంటావని అడిగితే "కాయలకి డబ్బులేంటమ్మా" అంది. బలవంతాన వంద పెట్టాను.

అప్పుడు వేటపాలెం. చీరాల నుంచి ఆటోలో ఒక వైపుకి 250 అడిగారు, 200కి కుదిరింది. దారిలో జీడిపప్పు కొట్లు కనిపించగానే అక్క ఆటో ఆపించింది, కిలో 900. రుచి చూడకుండా కొనకండి, మేం రెండో కొట్లో కొన్నాం.

సారస్వత నికేతనం 1918లో మొదలైంది, ఊరి యువకులు సంఘం కట్టి పెట్టుకున్న గ్రంథాలయం. 1929లో గాంధీగారు వచ్చినప్పుడు విరిగిన చేతికర్ర ఇప్పటికీ అక్కడ దాచిపెట్టారు. నేను చూడ్డానికి వెళ్ళింది మాత్రం పాత పత్రికలు. అక్కని ఒక బల్ల దగ్గర వారపత్రికలిచ్చి కూర్చోబెట్టాను. చిట్టి "ఎంతసేపు పిన్నీ?" అని అప్పటికి నాలుగోసారి. ముందు గదిలో పెద్దవాళ్ళు నలుగురు ఒక్క దినపత్రికనే విడివిడి కాగితాలుగా పంచుకుని చదువుతున్నారు. ఒకాయన తన కాగితం అయిపోగానే మాట్లాడకుండా పక్కాయన ముందు పెట్టి, ఆయన కాగితం కోసం చెయ్యి చాచాడు. వాళ్ళకిది రోజూ ఉన్నదే అని తెలుస్తూనే ఉంది.

పాత సంపుటం తెచ్చి బల్ల మీద పెట్టారు. పుట అంచులు అప్పడంలా పెళుసు, రెండు చేతులతో ఎత్తి తిప్పాలి. లేకపోతే చిన్న చిన్న ముక్కలు వేలికి అంటుకుని వచ్చేస్తాయి. నేను కథల కోసం తిప్పుతుంటే, విసుగ్గా వచ్చి భుజం మీంచి చూసిన చిట్టి ప్రకటనల దగ్గర ఆగిపోయింది. తలనూనెలు, సబ్బులు, లేహ్యాలు. మోకాళ్ళు దాటిన జడతో ఒకావిడ బొమ్మ.

"పిన్నీ, అప్పుడూ ఇవే మాటలా!"

దాంతో నాకు ఉత్సాహం వచ్చింది. ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారే 1893లో అమృతాంజనం మొదలుపెట్టారనీ, ఆ పసుపు డబ్బా సంపాదించిన డబ్బుతోనే 1908లో బొంబాయిలో పత్రిక, 1924లో భారతి మాసపత్రిక వచ్చాయనీ చెప్పాను. గృహలక్ష్మి పత్రిక కథా అలాంటిదే. 1928లో దాన్ని మద్రాసులో పెట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి గారు ఆడవాళ్ళ మందు 'లోధ్ర' అమ్మినాయన. ఆ పత్రిక పేరు మీద రచయిత్రులకి స్వర్ణకంకణం ఇచ్చేవారు. 1934లో మొదటి కంకణం అందుకున్న కనుపర్తి వరలక్ష్మమ్మ గారిది ఈ పక్కనే ఉన్న బాపట్ల. "అంటే తలనొప్పి మందు, కడుపునొప్పి మందు అమ్మి మనకి కథలు వేశారన్నమాట" అంది చిట్టి. నాకైతే ఆ మాటతోనే ప్రయాణం గిట్టుబాటైంది. ఆ మందులు అమ్మినవాళ్ళు డబ్బా మీద పేరూ ఊరూ వేసుకునేవారు కూడా.

నాలుగున్నరకి ఆ పిల్ల పుట తిప్పుతూ చెయ్యి గోక్కుంది. మళ్ళీ గోక్కుంది. కిటికీ వెలుతురులో చెయ్యి పట్టుకుని చూశాను. మోచేతి కింద నుంచి మణికట్టు దాకా నాలుగు ఎర్రటి చారలు, పక్కపక్కనే, కొలిచి గీసినట్టు. నా వేళ్ళు వాటి మీద ఆనిస్తే సరిగ్గా సరిపోయాయి. అది పూసిన అమ్మాయి చెయ్యి. మెడ మీద నిమ్మరసం కారిన దారంతా మరో చార, చివర చిన్న నీటిపొక్కు.

ఎంత చదవాలనుకున్నానో అందులో సగం కూడా కాలేదు. విరాళం పెట్టెలో 500 వేసి లేచాం. దారిపొడుగునా అక్క ఒక్క మాట మాట్లాడలేదు. మా అక్క తిడితే భయం లేదు, ఊరుకుంటేనే భయం.

చీరాలలో చర్మ వైద్యుడి ఫీజు 400, పూతమందు 185. ఆయన చెయ్యి చూడగానే అడిగిన మొదటి ప్రశ్న, "నిమ్మకాయ రాసుకుని ఎండలోకి వెళ్ళావా?" నిమ్మరసంలో, నిమ్మతొక్కలో కొన్ని పదార్థాలుంటాయట, చర్మం మీద అవి ఉండగా ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడితే కాలినట్టు బొబ్బ లేస్తుంది. ఎలర్జీ కాదు, ఎవరికైనా వస్తుంది. వెంటనే తెలియదు, రెండు మూడు రోజులకి ముదురుతుంది. ఎరుపు తగ్గాక గోధుమరంగు మచ్చ మిగిలి వారాలు, ఒక్కోసారి నెలలు ఉంటుంది. సబ్బుతో కడిగేసి ఉంటే, లేదా నీడలో ఉండిపోయి ఉంటే ఏమీ అయ్యేది కాదు. సబ్బు రాయొద్దన్న మాట గుర్తుందా?

రిసార్టుకి ఫోన్ చేశాను. "మా దగ్గర రోజూ ఎంతమందో చేయించుకుంటారు మేడం, మీ అమ్మాయి స్కిన్ సెన్సిటివ్ అయ్యుంటుంది." సముద్రం ఒడ్డున నిమ్మకాయ పిండి ఎండలోకి పంపుతారా అంటే, "నిమ్మకాయ నేచురల్ కదండీ" అన్నాడు. చివరికి పెద్ద మనసు చేసుకుని మళ్ళీ వచ్చినప్పుడు వాడుకోమని 500 కూపను పంపించాడు. అక్క ఫోన్ లాక్కుని అప్పుడు మాట్లాడింది. ఏమందో ఇక్కడ రాయను, నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

శుక్రవారం బజార్లో ఒక మూలికల కొట్టు దొరికింది. పాత కొట్టు, గోనెసంచులు, త్రాసు. సున్నిపిండికని చెబితే ముసలాయన తనే లెక్క చెప్పి కట్టాడు. కచ్చూరాలు, కస్తూరి పసుపు, వట్టివేళ్ళు, ఎండు గులాబీరేకులు, కాసిని మెంతులు, కిలో పెసలకి సరిపడా అన్నీ కలిపి 340. బావంచాలు కూడా వేయమంది అక్క. "పిల్లకేనా? అవి రాసుకుని ఎండలో తిరక్కూడదమ్మా, చర్మం కమిలిపోద్ది" అన్నాడాయన, చిట్టి చేతి వంక చూస్తూ. రిసార్టులో మూడు వేల ఆరువందలకి దొరకని మాట ఇక్కడ ఊరికే దొరికింది. బావంచాలు మానేశాం. కుంకుడుకాయలు మాత్రం రెండు కిలోలు కొన్నాం.

చీరాల వెళ్ళేవాళ్ళకి నా మాట. సముద్రం చూడండి, ఊళ్ళో పడుకోండి. ఒడ్డున గదికి పెట్టే డబ్బుతో మూడు రాత్రులు లాడ్జిలో ఉండొచ్చు. వేటపాలెంకి ఒక్క పూట చాలదు, రోజంతా పెట్టుకోండి, పొడుగు చేతుల చొక్కా వేసుకున్న మేనకోడళ్ళనో కూతుళ్ళనో వెంట తీసుకెళ్ళండి. ఒళ్ళు రుద్దించుకోవాలని మరీ మనసైతే సాయంత్రం పూట, అదీ గిన్నెలో ఏముందో పేర్లతో సహా చెప్పినవాళ్ళ దగ్గరే.

తిరుగు రైల్లో అక్క ఇంకా గుర్రుగానే ఉంది. నేను సగంలో ఆపిన నవల చిట్టి లాక్కుని, కిటికీ వైపు చెయ్యి పడకుండా చున్నీ కప్పుకుని చదువుతూ కూర్చుంది. నాకు తిరిగిస్తుందనుకున్నాను, ఇవ్వలేదు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు చెయ్యి చాపమని చూశాను. ఇంకా రెండు వేళ్ళు మిగిలాయి.