ఆఫీసు కోడింగ్ నియమాలకు ఈమ్యాక్స్ సీసీ మోడ్ ఎంతవరకు లొంగుతుంది?

సీ, సీ ప్లస్ ప్లస్ కోడు రాసేవారి కోసం ఈమ్యాక్స్ ఎడిటర్‌తో పాటే వచ్చే సీసీ మోడ్‌లో, ఇండెంటేషన్‌ను (పంక్తి మొదట వదిలే ఖాళీని) ఆఫీసు నియమాలకు తగినట్టు ఎంతవరకు మార్చుకోవచ్చునన్న ఒక్క విషయాన్నే ఇక్కడ పరిశీలిస్తున్నాను.

మొదటి పరిచయంలో ఇది ఎవరికీ నచ్చదు. ఏమీ మార్చకుండా వాడితే గ్నూ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు శైలి అమలవుతుంది; అందులో ఒక్కో మెట్టుకు 2 స్పేసులే కాక, ఇఫ్ కింద వచ్చే కర్లీ బ్రాకెట్ కూడా మరో 2 స్పేసులు లోపలికి జరుగుతుంది. గ్నూ ప్రాజెక్టుల బయట ఈ పద్ధతి పాటించే ఆఫీసులు అరుదు.

మెట్టుకు 4 స్పేసులు, బ్రాకెట్ ఇఫ్‌కు సరిగ్గా కిందనే, స్విచ్ లోపలి కేస్ ఒక మెట్టు లోపలికి, నేమ్‌స్పేస్ లోపలి కోడు మాత్రం అంచుకే అన్న నియమావళిని ఉదాహరణగా తీసుకుందాం. సిద్ధంగా ఉన్న శైలుల్లో స్ట్రౌస్ట్రప్ శైలిని ఎంచుకుంటే మొదటి రెండూ నెరవేరతాయి. మిగిలిన వాటికి మాన్యువల్ తిరగేయనక్కరలేదు. తప్పుగా జరిగిన పంక్తి మీద కర్సర్ ఉంచి కంట్రోల్-సీ, కంట్రోల్-ఎస్ నొక్కితే, ఆ పంక్తిని ఎడిటర్ ఏమని అర్థం చేసుకుందో చెబుతుంది. కంట్రోల్-సీ, కంట్రోల్-ఓ నొక్కితే ఆ రకం పంక్తులు ఎంత జరగాలో అడుగుతుంది. కేస్ పంక్తికి ఎడిటర్ చెప్పే కేస్-లేబుల్ అన్న పేరుకు ప్లస్ గుర్తు (ఒక మెట్టు లోపలికి అని), నేమ్‌స్పేస్ లోపలి పంక్తికి చెప్పే ఇన్‌నేమ్‌స్పేస్‌కు సున్నా ఇస్తే పని పూర్తవుతుంది. ఎడిటర్ తన తీర్పుకు కారణాన్ని ఇలా విప్పి చెప్పడమే, నా దృష్టిలో, దీని అసలైన గొప్పతనం. అయితే ఆ మార్పు అప్పుడు తెరిచి ఉన్న ఫైలుకే పరిమితం కనుక, దాన్ని సెట్టింగ్స్ ఫైలులో విడిగా రాసుకోవాలి.

రాతపూర్వక నియమాలే లేని ఆఫీసులకు (అవే ఎక్కువేమో) సీ-గెస్ అనే ఆదేశం ఉంది. పాత ఫైలు ఒకటి తెరిచి దాన్ని నడిపితే, అందులోని అలవాటును అదే పసిగట్టి అనుసరిస్తుంది.

పెద్ద చిక్కు ట్యాబులతో వస్తుంది. ఇండెంట్-ట్యాబ్స్-మోడ్ అనే సెట్టింగ్‌ను ఆపకపోతే, 8 స్పేసులు వచ్చిన చోటల్లా ఈమ్యాక్స్ చప్పుడు చేయకుండా ఒక ట్యాబు పెడుతుంది. ట్యాబును 4 స్పేసులుగా చూపే మరో ఎడిటర్‌లో సహోద్యోగి అదే ఫైలు తెరిస్తే, రెండో మెట్టు పంక్తులు మొదటి మెట్టులో కనిపిస్తాయి. దీన్ని తొలిరోజే ఆపివేయడం మేలు. జట్టంతటికీ ఒకే అమరిక కావాలంటే ప్రాజెక్టు ఫోల్డరులో ఆ అమరికలు రాసిన డిర్-లోకల్స్ అనే ఫైలు ఉంచితే చాలు, కానీ అది ఈమ్యాక్స్ వాడేవారికే పనికొస్తుంది. ఆఫీసులో కోడును తానే సర్దే క్లాంగ్-ఫార్మాట్ అనే సాధనం తప్పనిసరి అయితే చివరి మాట దానిదే కనుక, ఇక్కడ ఇంత సూక్ష్మంగా సర్దుకోవలసిన అవసరం తక్కువ.

2023లో వచ్చిన ఈమ్యాక్స్ 29వ వెర్షన్ నుంచి, కోడు నిర్మాణాన్ని విశ్లేషించే ట్రీ-సిట్టర్ అనే లైబ్రరీ ఆధారిత కొత్త మోడ్‌లు కూడా ఉన్నాయి. వాటికి మారితే పైన చెప్పిన ఆఫ్‌సెట్ (పంక్తి ఎంత జరగాలన్న) అమరికలేవీ వర్తించవు. ఇండెంటేషన్ నియమాలను వేరే పద్ధతిలో మళ్లీ రాసుకోవాలి. ఆఫీసు నియమాలు కాస్త విచిత్రంగా ఉన్నవారు ప్రస్తుతానికి పాత సీసీ మోడ్‌లోనే కొనసాగవచ్చునని నా అభిప్రాయం.