ఫీఫీని వెతుక్కుంటూ కిగోమాకు

టాంజానియా పడమటి కొసన, టాంగన్యికా సరస్సు ఒడ్డున ఉంది కిగోమా. ఎక్కువమంది ఇక్కడికి గోంబే అడవిలో చింపాంజీల కోసం వస్తారు. మేం వెళ్లింది మాత్రం ఎప్పుడో మాయమైపోయిన ఒక బుల్లి యుద్ధనౌక కోసం.

దాని అసలు పేరు కింగానీ, మొదటి ప్రపంచ యుద్ధంలో ఈ సరస్సు మీద తిరిగిన జర్మన్ల గస్తీ నౌక. దాన్ని పట్టుకోవడానికి బ్రిటిష్ వాళ్లు మిమీ, టూటూ అనే రెండు మోటారు పడవలను ఓడలో కేప్‌టౌన్‌కు తెచ్చి, రైలెక్కించి, ఆపైన ఆవిరి ఇంజన్లతోనూ ఎడ్లతోనూ అడవుల్లో లాగించి కాంగో వైపు సరస్సు ఒడ్డుకు చేర్చారు. 1915 డిసెంబర్ 26న కింగానీ కొద్ది నిమిషాల్లోనే చిక్కింది. దాని కెప్టెన్ చనిపోయాడు, ఓడలో ఉన్న మేక మాత్రం బతికిపోయింది! పట్టుకున్నవాళ్లు దానికి ఫీఫీ అని పేరు పెట్టి, దాని స్థాయికి మించిన ఫిరంగి బిగించారు. పేల్చినప్పుడల్లా ఆ తాకిడికి ఓడ వేగం చచ్చిపోయేదట. అయినా 1916 ఫిబ్రవరి 9న ఒకప్పటి తోటి జర్మన్ నౌక హెడ్విగ్ ఫాన్ విస్‌మాన్‌ను ముంచింది ఇదే.

ఇంత కథ జరిగిన సరస్సు ఒడ్డున ఫీఫీ పేరుతో ఒక్క బోర్డు కూడా మాకు కనిపించలేదు. గైడును అడిగితే ఆఫ్రికాను అన్వేషించిన బ్రిటిష్ యాత్రికుడు లివింగ్‌స్టన్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాడు. దగ్గర్లోని ఉజీజీలో ఉన్న ఆయన స్మారకం ఒక గంటకు సరిపోతుంది, అంతకంటే ఆశించకండి. జర్మన్ల కాలపు రైల్వే స్టేషన్ మాత్రం తీరిగ్గా చూడాలి. గ్యోట్‌సెన్ అనే పెద్ద ఓడ విడిభాగాలుగా పెట్టెల్లో దిగింది ఈ రైలు మార్గం చివరనే. 1916లో జర్మన్లే దాన్ని ముంచేశారు. బ్రిటిష్ వాళ్లు పైకి తీసి, 1927లో లియెంబా పేరుతో మళ్లీ నడిపారు. అందులో ప్రయాణించాలని వెళ్లాం కానీ అప్పుడది మరమ్మతుల్లో ఉంది.

గుట్ట మీది లాడ్జిలో గది వరండా నుంచి సరస్సంతా కనిపిస్తుంది. అద్దె ఆ దృశ్యానికే అనుకోవాలి, వేడినీళ్లు ఒక పూట వస్తే ఒక పూట రావు. ఊళ్లో తిరగడానికి మన ఆటోలే, అక్కడ వాటిని బజాజీ అంటారు. కిబిరిజీ రేవులో ఇసుక మీద ఆరబోసిన ‘డగా’ అనే చిన్న చేపలు అచ్చం మన నెత్తళ్లలాగే ఉంటాయి. వేయించి, ఉగాలీతో (మొక్కజొన్న పిండి ముద్ద) పెడతారు, తప్పక తినండి. శాకాహారులు చపాతీ, రాజ్మా లాంటి గింజల కూరతో సరిపెట్టుకోవాలి. కార్డును నమ్ముకోకుండా షిల్లింగులు దగ్గర ఉంచుకోవడం మంచిది.